ఇద్దరూ నవలలు రాసే ఇంట్లో ఉత్తరాలు చదవడం ఎలా

ముప్పై నాలుగేళ్ళు బెజవాడ ఆర్.ఎమ్.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు ఊరి వారీగా విడదీసే సార్టింగ్ పని చేశాను. సగం సర్వీసు రైల్లో, సగం స్టేషను పక్క ఆఫీసులో. నా చేతుల మీదుగా ఎన్ని ఉత్తరాలు పోయాయో లెక్క లేదు. కానీ ఒక్కటి కూడా చదవలేదు. చదవకూడదు. పైనున్న అడ్రసు, స్టాంపు, ముద్ర, బరువు, అంతవరకే మాకు హక్కు. అందుకే రిటైరయ్యాక న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళి, అక్కడి పబ్లిక్ లైబ్రరీలో ఒక భార్యాభర్తల ఉత్తరాల పుస్తకం తీసినప్పుడు పేజీ తిప్పడానికి కాసేపు చెయ్యి రాలేదు.

పుస్తకం పేరు ‘డియర్ స్కాట్, డియరెస్ట్ జెల్డా’. 2002లో వచ్చింది. జాక్సన్ బ్రయర్, కేథీ బార్క్స్ కూర్చారు. స్కాట్ అంటే ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ రాసిన ఎఫ్. స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్. ఇంగ్లీషు ఎం.ఏ. చదివినవాళ్ళకి బాగా తెలిసిన పేరే. జెల్డా ఆయన భార్య. ఆవిడ కూడా ఒక నవల అచ్చు వేసిందని మాత్రం చాలామందికి తెలియదు. దాని పేరు ‘సేవ్ మీ ది వాల్ట్జ్’, 1932లో వచ్చింది. వీళ్ళ కాగితాలు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు స్కాటీ 1950లో ఇచ్చింది. మా అమ్మాయి వాళ్ళుండే ఎడిసన్‌కి ప్రిన్స్‌టన్ దగ్గరే. ఒక ఆదివారం వెళ్ళి ఆ లైబ్రరీని బయట నుంచి చూసి, మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చాను.

ఆ పుస్తకం మూడుసార్లు చదివాను. మొదటిసారి కథల పుస్తకంలా గబగబా చదివేశాను. అయ్యేసరికి స్కాట్ మీద ఒళ్ళు మండిపోయింది. రెండోసారి జెల్డా మీద విసుగొచ్చింది. రెండూ తప్పేనని మూడోసారి తెలిసింది. ఆ మూడోసారి ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఆఫీసులో బ్యాగు విప్పి ఉత్తరాలు గూళ్ళలో వేసినట్టు చదివాను. భార్యాభర్తలిద్దరూ రచయితలైన ఏ జంట ఉత్తరాలకైనా ఆ పద్ధతి పనికొస్తుందని నా నమ్మకం. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు గూళ్ళు కట్టుకోండి

నోటుబుక్కులో పేజీకి నిలువుగా రెండు గీతలు కొట్టండి. ఎడమ వరుసలో భార్య రాసినవి, కుడి వరుసలో భర్త రాసినవి. మధ్య వరుస తేదీకి. ఒక్కో ఉత్తరానికి ఒక్క పంక్తి చాలు: ఎక్కడి నుంచి, ఎక్కడికి, చేత్తో రాసిందా, టైపు చేసిందా, టెలిగ్రామా. లోపల ఏముందో ఇప్పుడే రాయకండి. మనసు అప్పుడే ఒకవైపు మొగ్గిపోతుంది.

ఇలాంటి పుస్తకాల్లో ప్రతి ఉత్తరం పైన చిన్న గుర్తులుంటాయి. చాలామంది వాటిని దాటేసి పోతారు. దాటకండి. ‘ఎ.ఎల్.ఎస్.’ అంటే చేత్తో రాసి సంతకం పెట్టినది. ‘టి.ఎల్.’ అంటే టైపు చేసినది. పక్కన ‘సి.సి.’ ఉంటే అది కార్బన్ కాపీ, అంటే మీరు చదువుతున్నది అవతలివాళ్ళకి అందిన కాగితం కాదు, పంపినాయన తన ఫైల్లో ఉంచుకున్న నకలు. తేదీ చదరపు బ్రాకెట్లలో ఉంటే ఉత్తరంలో తేదీ లేదని, కూర్చినవాళ్ళు ఊహించి వేశారని అర్థం.

జెల్డా ఉత్తరాల్లో ఎక్కువ భాగానికి తేదీ ఉండదు. మా సార్టింగ్ బల్ల మీద ముద్ర సరిగ్గా పడని కవరు వస్తే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసేవాళ్ళం. ఇక్కడా అంతే చూపు కావాలి. 1931 చివర్లో స్కాట్ సినిమా కంపెనీ పని మీద హాలీవుడ్ వెళ్ళాడు. జెల్డా అలబామాలో, పుట్టింటివాళ్ళున్న మాంట్‌గొమరీలో ఉంది. దాదాపు రోజూ రాసింది, తేదీ వేయకుండా. అయితే వాళ్ళ నాన్న ఆ నవంబరు 17న పోయారు. ఆ ఒక్క తేదీ మనకి మేకులాంటిది. ఉత్తరంలో నాన్న మంచం మీద ఉంటే ఇవతల, పోయాక అయితే అవతల. క్రిస్మస్ ఏర్పాట్ల ప్రసక్తి వస్తే ఇంకా అవతల. ఇలా మూడు నాలుగు మేకులు దిగాక మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి.

మన ఇళ్ళలో ఉత్తరాలకీ ఈ పనే చేయొచ్చు. అడ్రసులో పిన్‌కోడు ఉంటే 1972 ఆగస్టు 15కి ముందుది కాదు. స్టాంపు మీద నయా పైసలని ఉంటే 1957 తరువాతది. ప్రకాశం జిల్లా అని రాసి ఉంటే 1972 తరువాతది, అంతకు ముందు రెండేళ్ళు ఒంగోలు జిల్లా. పెద్దవాళ్ళు తేదీ బదులు ‘ప్రభవ నామ సంవత్సరం’ అని రాసి ఉంటే 1927 కావచ్చు, 1987 కావచ్చు. కాగితాన్ని చూసి తేల్చుకోవాలి.

ఎవరు దాచారు?

ఈ ప్రశ్న నాది కాదు, మా ఆవిడది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఆ ఉత్తరాలు ఒక్కొక్కటే తెలుగులో చెబుతుంటే ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ వినేది. ఒక రోజు ఉన్నట్టుండి, “ఏమండీ, ఆవిడ రాసినవి ఇన్నున్నాయి, ఆయన రాసినవేవీ?” అంది.

నిజమే. పెళ్ళికి ముందు, 1918 నుంచి 1920 దాకా, నా నోటుబుక్కులో ఎడమ వరుస నిండిపోయింది. కుడి వరుసలో టెలిగ్రాములు తప్ప ఏమీ లేవనే చెప్పాలి. ఆ టెలిగ్రాములైనా జెల్డా తన స్క్రాప్‌బుక్కులో అంటించుకోబట్టి మిగిలాయి. స్కాట్ అప్పట్లో రాసిన ఉత్తరాలు దాదాపు అన్నీ పోయాయి. ఆవిడ ఉత్తరాలు మాత్రం ఆయన పదిలంగా దాచాడు.

ఇది విని మా ఆవిడ, “ఆయన దాచాడన్నమాట. మీరు దాచలేదు,” అంది.

ఆ మాట దగ్గర నా చదువు మారిపోయింది. మా పెళ్ళి 1974లో. క్వార్టర్సు దొరక్క రెండేళ్ళు ఆవిడ రేపల్లె దగ్గర పుట్టింట్లో ఉంది, నేను బెజవాడలో అద్దెగదిలో. నేను రాసిన ఇన్‌లాండు లెటర్లన్నీ వాళ్ళింట్లో దూలానికి వేలాడే ఇనప తీగకి గుచ్చి పెట్టింది. మన ఇళ్ళలో అందరికీ గుర్తుండే తీగే అది. కింద కొక్కెం, పైన వంపు, మధ్యలో కరెంటు బిల్లులు, శుభలేఖలు, ఉత్తరాలు అన్నీ కలిసి. ప్రతి ఉత్తరం నడిమధ్యన తుప్పు రంగు చిల్లు ఉంటుంది. ఆవిడ నాకు రాసినవేమో గది ఖాళీ చేసేటప్పుడు పాత పేపర్లతో పాటు అమ్మేశాను. రేపు మా మనవరాలు ఆ తీగ దించి చదివితే తాతయ్య ఒక్కడే ప్రేమగా రాసేవాడని, అమ్మమ్మ పలకలేదని అనుకుంటుంది.

కాబట్టి ఏ జంట ఉత్తరాలు చదివినా, ఎవరు బాగా రాశారని చూసే ముందు ఎవరు దాచారో చూడండి. ఒకే మనిషి ఉత్తరాలు కనబడితే అవతలి మనిషి మౌనంగా ఉన్నట్టు కాదు. ఇవతలి మనిషి పారేసి ఉండొచ్చు.

పోయిన ఉత్తరాన్ని కొంతవరకు తిరిగి తెచ్చుకోవచ్చు. జవాబులో దాని నీడ ఉంటుంది. నా ఇన్‌లాండు ఒకటి 1975 నాటిది తీసి చూశాను: ‘తేలు కుట్టిందని రాశావు, ఇప్పుడెలా ఉంది? ఎవరి చేత మంత్రం వేయించారు?’ అని ఉంది. అంటే ఆవిడ తేలు సంగతి రాసింది. ఆ ఉత్తరం ఈ భూమ్మీద లేదు గాని, అందులో ఒక్క వాక్యం నా జవాబులో బతికి ఉంది.

జెల్డా దగ్గర ఇలాంటిది ఒకటుంది, చాలా ముచ్చటగా ఉంటుంది. 1919 వసంతంలో స్కాట్ న్యూయార్క్‌లో ఒక అడ్వర్టయిజింగ్ కంపెనీలో చిన్న ఉద్యోగం చేస్తూ ఆవిడకి రాస్తూ ఉండేవాడు. వెనకటి కాలంలో రాకుమార్తెల్ని గోపురాల్లో ఎందుకు బంధించేవాళ్ళో ఇప్పుడు తెలిసిందన్న ధోరణిలో ఏదో రాశాడు. జెల్డా జవాబులో విసుక్కుంది: ఆ గోపురం మాట గత ఆరు ఉత్తరాల్లో పొల్లు పోకుండా రాశావు, ఇక చాలు అని. స్కాట్ రాసిన ఆ ఆరు ఉత్తరాలు మనకి లేవు. కానీ ఆరు ఉన్నాయని, ఆరింట్లో ఒకే మాట ఉందని, ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఆ అమ్మాయిని వేరేవాళ్ళెవరైనా ఎత్తుకుపోతారేమోనని ఎంత టెన్షన్ పడ్డాడో ఆ ఒక్క వాక్యం చెప్పేస్తుంది. నోటుబుక్కులో కుడి వరుసలో పెన్సిలుతో ఆరు సున్నాలు చుట్టుకోండి. లేని ఉత్తరాలకి కూడా చోటు ఉంచాలి.

ఆ జూన్‌లోనే ఇంకో సంగతి జరిగింది. వేరే కుర్రాడికి రాసిన చీటీని జెల్డా పొరపాటున స్కాట్ పేరున్న కవరులో పెట్టి పోస్టు చేసింది. సార్టర్‌గా చెబుతున్నాను, అడ్రసు సరిగ్గా ఉన్నాక మేము చేయగలిగిందేమీ లేదు. ఆ కవరు చేరవలసిన చోటికే చేరింది. స్కాట్ రైలెక్కి మాంట్‌గొమరీ వచ్చాడు, నిశ్చితార్థం తెగిపోయింది. ఆయన సొంతూరు సెయింట్ పాల్ వెళ్ళి తన మొదటి నవల తిరగరాశాడు. సెప్టెంబరులో స్క్రిబ్‌నర్స్ ప్రచురణ సంస్థ ఒప్పుకుంది. 1920 మార్చి 26న నవల వచ్చింది, ఏప్రిల్ 3న పెళ్ళయింది.

ఉత్తరాన్నీ నవలనీ పక్కపక్కన పెట్టండి

ఇక్కడ తొందరపడకూడదు. మామూలు భార్యాభర్తల ఉత్తరాలకీ వీళ్ళ ఉత్తరాలకీ తేడా అంతా ఇక్కడే ఉంది. ఇంట్లో ఇద్దరూ రాసేవాళ్ళే అయినప్పుడు, ఒకరికి వచ్చిన ఉత్తరం ఇంకొకరి పుస్తకానికి ముడిసరుకు అవుతుంది.

ఒక్క ఉదాహరణ దగ్గర నుంచి చూపిస్తాను. 1919లోనే జెల్డా ఒక రోజు శ్మశానవాటికకి వెళ్ళొచ్చి స్కాట్‌కి రాసింది. కొండవాలులో కట్టిన తుప్పు పట్టిన సమాధి తలుపు తెరవబోయింది. దాని మీద నీరు కారుతున్నట్టుండే నీలం పూలు, ముట్టుకుంటే జిగురు, వెగటు వాసన. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన కాన్ఫెడరేట్ సైనికుల సమాధులు వరసగా అన్నీ ఒక్కలాగే, పసుపు పచ్చని నాచుతో సహా ఒక్కలాగే ఉన్నా, వాటిలో రెండో మూడో మాత్రం పోయిన ప్రేమికుల్ని ఎందుకు గుర్తు చేస్తాయో అని ఆశ్చర్యపోయింది. నూరేళ్ళ తరువాత నా కళ్ళు గోధుమ రంగా నీలమా అని కుర్రాళ్ళు అనుకుంటే బాగుండునని రాసింది.

ఇప్పుడు స్కాట్ మొదటి నవల ‘దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్’ చివరి పేజీలు తెరవండి. కథానాయకుడు ఏమరీ సాయంకాలం శ్మశానంలో తిరుగుతుంటాడు. అదే తుప్పు తలుపు, అవే నీలం పూలు, అదే జిగురు, అదే నాచు, గోధుమ రంగా నీలమా అన్న అదే ప్రశ్న. మార్చినవాటిలో ముఖ్యమైనది ఒకటి: కాన్ఫెడరేట్ సైనికులు యూనియన్ సైనికులయ్యారు. ఎందుకంటే జెల్డా నడిచింది దక్షిణాన అలబామాలో, ఏమరీ నడుస్తున్నది ఉత్తరాదిన ప్రిన్స్‌టన్ దారిలో. అంతర్యుద్ధంలో రెండు ఊళ్ళూ రెండు పక్షాలు. ఊరు మారింది కాబట్టి సైన్యం మారింది.

ఇలా పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాటలు కలిశాయా లేదా అని చూస్తే చాలదు. ఏం రాలిపోయిందో చూడాలి. ఉత్తరంలో ఆ మాటలు చెప్పుకున్నది ఒక మనిషికి. ఆ సమాధుల ముందు నిలబడి ఆవిడ స్కాట్‌ని తలుచుకుంది, అతను వింటాడని రాసింది. నవలలో వినేవాడు లేడు. ఏమరీ ఒంటరిగా తనలో తనే అనుకుంటాడు. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ప్రేమ, ఒక కుర్రాడి దిగులు అయిపోయింది. దీన్ని దొంగతనం అనేసి పుస్తకం మూసేయడం తేలిక. నేను మొదటిసారి చేసింది అదే. కానీ ఆ ఉత్తరాన్ని దాచింది కూడా ఆయనే. ఆయన వాడుకోవాలనే దాచాడో, ప్రేమతో దాచాడో, రెండూనో. రాసేవాళ్ళ విషయంలో ఆ రెంటినీ విడదీయాలని నేను ప్రయత్నించి మానుకున్నాను.

జెల్డాకి ఇది తెలుసు. 1922 ఏప్రిల్‌లో ‘న్యూయార్క్ ట్రిబ్యూన్’ పత్రికలో భర్త రెండో నవలని తనే సమీక్ష చేస్తూ, పెళ్ళయిన కొత్తల్లో మాయమైన తన డైరీలో పేజీ ఒకటి, తన ఉత్తరాల ముక్కలు ఇందులో కనబడుతున్నాయని, ఈ రచయిత కాపీ కొట్టడం ఇంట్లోనే మొదలవుతుందని నమ్ముతున్నట్టుందని రాసింది. అది నవ్వుతూ రాసిన మాట. పదేళ్ళ తరువాత ఆ నవ్వు లేదు. ఆ రెంటి మధ్య ఏం జరిగిందో ఉత్తరాల్లోనే వెతకాలి.

ఇంకో ఆధారం కూడా దగ్గర పెట్టుకోండి. స్కాట్ తన రాబడి, రాసినవాటి వివరాలు ఒక లెడ్జర్‌లో రాసుకునేవాడు. అది సౌత్ కరొలైనా యూనివర్సిటీలో ఉంది, ఇంటర్నెట్లో ఎవరైనా చూడొచ్చు. తన పేరుతో అచ్చయిన ఒక కథ పక్కన, మూడింట రెండు వంతులు జెల్డా రాసిందని తన చేత్తోనే రాసుకున్నాడు. లోకానికి చెప్పని మాట లెక్కల పుస్తకంలో చెప్పాడు. 1930లో ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’లో జెల్డా రాసిన ఇంకో కథ కూడా ఆయన పేరుతోనే వచ్చింది. 4,000 డాలర్లు ఇచ్చారు. ఆయన పేరు లేకపోతే అంత ఇవ్వరు. ఇల్లు గడవాలి.

ఎదురెదురు ఉత్తరాలు ఒక్క రోజే చదవండి

1930 ఏప్రిల్‌లో జెల్డాకి పారిస్‌లో మానసిక ఆరోగ్యం దెబ్బతింది. జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని ప్రాంజన్ ఆసుపత్రిలో చేర్చారు. ఏడాదికి పైగా అక్కడే ఉంది. ఆ వేసవిలో ఇద్దరూ ఒకరికొకరు తమ పదేళ్ళ కాపురం కథంతా రాసుకున్నారు. ఆవిడది నలభై పేజీల పైన. ఆయనది చిత్తుప్రతిగా మిగిలింది. మనల్ని మనమే పాడుచేసుకున్నాం, ఒకరినొకరం పాడుచేసుకున్నామని నేనెప్పుడూ నిజంగా అనుకోలేదు అన్న మాట అందులోదే.

ఈ రెండూ ఒకే రోజు చదవండి. ఒకటి ఇవాళ, ఒకటి వచ్చే వారం అంటే ముందు చదివినవాళ్ళ పక్షం చేరిపోతాం. నేను పడ్డ తప్పు అదే. రెండింట్లోనూ అవే ఊళ్ళు, అవే ఇళ్ళు, అవే పార్టీలు వస్తాయి. ఒకే సంఘటన ఇద్దరికీ ఎలా గుర్తుందో పెన్సిలుతో గీత కలపండి. ఒకరికి గుర్తుండి ఇంకొకరు అసలు ఎత్తనివి ఉంటాయి. వాటి పక్కన చుక్క పెట్టండి. ఆ చుక్కల దగ్గరే ఆ కాపురంలో ఒంటరితనం ఉంది.

చిత్తుప్రతి చదివేటప్పుడు ఒక జాగ్రత్త. పోస్టు చేసిన ఉత్తరం వేరు, చేయనిది వేరు. పోస్టు డబ్బాలో పడ్డాక అది అవతలి మనిషిది, ఇక వెనక్కి తీసుకోలేం. బల్ల మీద ఉన్నంతసేపు మనిషి తనతో తనే మాట్లాడుకుంటాడు. రెండింటినీ ఒకే తూకంలో వేయకూడదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఉత్తరాలు మెల్లగా, రోజుకి రెండు మూడుకి మించకుండా చదవండి. మనిషి జబ్బులో ఉండి రాసినవి అవి. వాటిలో కొన్నింటి మాటలు 1934లో వచ్చిన స్కాట్ నవల ‘టెండర్ ఈజ్ ది నైట్’లో నికోల్ అనే పాత్ర రాసే ఉత్తరాలయ్యాయి. ఆ నవల ముందు చదివినవాళ్ళు, ఆ పేజీలు మళ్ళీ తెరిచే ముందు అసలు ఉత్తరాలు పూర్తిగా చదవమని నా మనవి. లేకపోతే జెల్డా కూడా నికోల్‌లా పాత్రే అయిపోతుంది.

1932 మార్చిలో ఏం జరిగిందన్నది ఈ మొత్తానికి కీలకం. జెల్డా బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వాళ్ళ ఫిప్స్ క్లినిక్‌లో ఉండి, కొద్ది వారాల్లో తన నవల పూర్తి చేసింది. స్కాట్‌కి చూపించకుండా నేరుగా ఆయన ఎడిటర్, స్క్రిబ్‌నర్స్‌లోని మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కి పంపింది. స్కాట్‌కి పట్టరాని కోపం వచ్చింది. ఏళ్ళ తరబడి తను రాస్తున్న నవలకి ఉంచుకున్న జీవితమే ఇందులో ఉందన్నాడు. పైగా ఆవిడ మొదట కథానాయకుడికి పెట్టిన పేరు ఏమరీ బ్లేన్. స్కాట్ మొదటి నవల కథానాయకుడి పేరే! ఇంతకు ముందు ఆవిడ శ్మశానంలో నడిచిన నడక ఏమరీ ఎత్తుకుపోయాడు కదా, ఆవిడ ఆ ఏమరీనే తిరిగి తెచ్చుకుంది. నాకైతే అలాగే అనిపించింది. తరువాత ఆ పేరు మార్చారు. జెల్డా భర్తకి రాసిన ఉత్తరంలో, ఇద్దరం ఒకే సరుకు ముట్టుకున్నామేమోనని భయపడ్డానని ఒప్పుకుంది. నవల అక్టోబరులో వచ్చి 1,392 ప్రతులు అమ్ముడయింది.

ఉత్తరాల్లో ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకుంటూ మాట్లాడతారు. అది ఎంతవరకో తెలియాలంటే 1933 మే 28 నాటి కాగితాలు చూడాలి. ఆ రోజు డాక్టరు ఎదుట, స్టెనోగ్రాఫర్ రాసుకుంటుండగా ఇద్దరూ ఈ రాసే హక్కు గురించే వాదించుకున్నారు. టైపు చేస్తే 114 పేజీలు వచ్చింది. నోటితో అన్న మాటలకీ కాగితం మీద పెట్టిన మాటలకీ ఎంత దూరమో అక్కడ తెలుస్తుంది. అది చదివి మళ్ళీ ఉత్తరాలకి వస్తే ‘డియరెస్ట్’ అన్న సంబోధన బరువు తెలిసింది నాకు.

డబ్బు ఉత్తరాలు దాటేయకండి

చివరి ఉత్తరాలు చాలామందికి చప్పగా ఉంటాయి. ఫీజులు, చెక్కులు, కూతురి కాలేజీ, ఆసుపత్రి బిల్లు, వాతావరణం. నాకు మాత్రం అవే ఎక్కువ నచ్చాయి. మేము మోసిన ఉత్తరాల్లో ఎక్కువ అలాంటివే అయి ఉంటాయి.

1939 ఏప్రిల్‌లో ఇద్దరూ క్యూబా వెళ్ళొచ్చారు. ఆ తరువాత మళ్ళీ కలుసుకోలేదు. అంటే అక్కడి నుంచి 1940 డిసెంబరు దాకా, దాదాపు ఇరవై నెలలు, ఆ కాపురం నడిచింది తపాలా మీదే. ఆయన హాలీవుడ్‌లో. ఆవిడ నార్త్ కరొలైనాలో ఆష్‌విల్‌లోని హైలాండ్ ఆసుపత్రిలో, 1940 ఏప్రిల్ నుంచి మాంట్‌గొమరీలో తల్లి దగ్గర. ఇక్కడ నా నోటుబుక్కులో కుడి వరుస నిండింది. కారణం కార్బన్ కాగితం. ఆ రోజుల్లో స్కాట్ చెబితే సెక్రటరీ టైపు చేసేది, నకలు ఫైల్లో ఉండేది. ఇరవై ఏళ్ళ కిందటి ప్రేమలేఖలు పోయాయి, డబ్బు లెక్కల ఉత్తరాలు నిలిచాయి.

ఈ ఉత్తరాల్లో లేనిదాన్ని కూడా గమనించండి. హాలీవుడ్‌లో స్కాట్ జీవితంలో ఇంకో స్త్రీ, సినిమా కబుర్లు రాసే పత్రికా రచయిత్రి షీలా గ్రాహం ఉంది. జెల్డాకి రాసిన ఉత్తరాల్లో ఆ పేరు రాదు. అలాగని మిగతాదంతా అబద్ధం కాదు. ప్రతి వారం డబ్బు పంపడం, స్కాటీ మార్కుల గురించి రాయడం, తన కొత్త నవల ఎంతవరకు వచ్చిందో చెప్పడం, అవన్నీ నిజం. నేను నోటుబుక్కులో చెప్పినవాటికి ఒక రంగు, చెప్పనివాటికి ఒక రంగు పెట్టుకున్నాను. రెండూ కలిపి చూస్తే తప్ప మనిషి పూర్తిగా కనబడడు.

మీ ఇంట్లోనే ఉంటే

అమ్మానాన్నలో, తాతయ్యా అమ్మమ్మో రాసుకున్నవి మీ దగ్గర ఉంటే చకచకా నాలుగు మాటలు. తీగ మీద నుంచి లాగకండి, చిల్లు చిరుగుతుంది. తీగ కొక్కెం సాపు చేసి కింద నుంచి ఒక్కొక్కటే జార్చండి. ఏ వరసలో ఉన్నాయో ఆ వరస చెదరకుండా పెన్సిలుతో వెనక మూలన అంకె వేయండి. గుండుసూదులు, పిన్నులు తీసేయండి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ వద్దు, సెలోటేపు అసలే వద్దు. ఇన్‌లాండు లెటరైతే విప్పి లోపలా బయటా రెండు వైపులా ఫోటో తీయండి, ముద్ర ఉన్నది బయటే. కవరు పారేయకండి. నా సర్వీసంతా కవర్ల మీదే గడిచింది కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను.

ఇద్దరిలో ఒకరు ఇంకా ఉంటే ముందు వాళ్ళని అడగండి. చదవొద్దంటే కట్ట కట్టి పక్కన పెట్టండి. సరేనంటే కూర్చోబెట్టుకుని చదవండి. మా ఆవిడ దగ్గర నేను అదే చేస్తున్నాను. నా ఇన్‌లాండు ఒకటి నేను చదువుతాను, దానికి ముందు తను నాకేం రాసిందో గుర్తున్నంత వరకు చెబుతుంది, నేను ఎడమ వరుసలో పెన్సిలుతో రాస్తాను. తేలు కుట్టింది తనకి కాదట, వాళ్ళ చిన్న చెల్లెలికట. నలభై ఏళ్ళ పైగా నేను తప్పుగా అనుకున్నాను.

స్కాట్ 1940 డిసెంబరు 21న హాలీవుడ్‌లో గుండెపోటుతో పోయాడు. మేరీలాండ్‌లోని రాక్‌విల్‌లో జరిగిన అంత్యక్రియలకి జెల్డా రాలేకపోయింది. ఆ తేదీ కింద మీ నోటుబుక్కులో అడ్డగీత కొట్టండి గాని ఆపేయకండి. ఆవిడ ఇంకా ఏడేళ్ళకి పైగా బతికింది, 1948 మార్చి 10న హైలాండ్ ఆసుపత్రిలో జరిగిన అగ్నిప్రమాదంలో పోయేదాకా. ఆ ఏడేళ్ళలో కూతురికీ, స్నేహితులకీ ఆయన గురించి రాసిన ఉత్తరాలున్నాయి. వాటిని ఎడమ వరుసలోనే వేయండి. చేరవలసిన అడ్రసు మారింది, అంతే.